వేలిముద్ర కూడా ఒక అమానతే

అమానతు అనగానే మనకు సాధారణంగా డబ్బు, నగలు, పొలం కాగితాలు గుర్తుకు వస్తాయి. ఎవరైనా మన దగ్గర దాచుకున్న సొమ్మును వాడుకోకుండా చెక్కుచెదరకుండా తిరిగి అప్పగిస్తే, అమానతు బాధ్యత తీరిందని సంతృప్తి చెందుతాం. కాని మనిషి తన సొమ్ముకన్నా విలువైన దానిని కూడా ఇతరుల చేతిలో పెడుతూ ఉంటాడు. అది తనను గురించిన సమాచారం. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల వివరాలు, జబ్బులు, అప్పులు, వేలిముద్రలు, కనుపాప - ఇవన్నీ ఆ సమాచారమే. సొంత ఊళ్ళో ఉన్నవాడిని వీటి గురించి అడిగేవారు తక్కువ. బ్రతుకుతెరువు కోసమో, ప్రాణభయంతోనో దేశం దాటేవాడికి మాత్రం వీటిని ఎవరికో ఒకరికి ఇవ్వనిదే అడుగు ముందుకు పడదు.

అలా ఇచ్చిన తరువాత ఆ సమాచారం ఎవరిది? ఇచ్చినవాడిదా, తీసుకున్నవాడిదా? ఒక దేశంలో ఒక పని కోసం ఇచ్చిన దానిని మరో దేశానికి మరో పని కోసం పంపవచ్చా? ఇది చట్టాలకు, కంప్యూటర్లకు సంబంధించిన విషయమని, మనకేమీ పట్టదని అనుకోకూడదు. ఇది మౌలికంగా నీతికి సంబంధించిన ప్రశ్న. దీనిని గురించి మాట్లాడే ముందు నా వల్ల జరిగిన ఒక తప్పును చెప్పుకోవలసి ఉంది.

దుఆ పేరుతో జరిగిన తప్పు

నాకు అరబీ, ఉర్దూ వచ్చు గనుక గల్ఫ్ దేశాలకు వెళ్ళదలచిన కుర్రవాళ్ళు తమ కాగితాలు పట్టుకొని అస్ర్ నమాజు తరువాత మస్జిదుకు వస్తూ ఉంటారు. కొన్నేళ్ళ క్రితం ఒక యువకుడు తల్లిని వెంటబెట్టుకొని వచ్చాడు. వీసా కోసం చేయించుకున్న వైద్య పరీక్షలో అతను అన్‌ఫిట్ అయ్యాడు. చిన్నప్పుడు క్షయ వచ్చి నయమైంది. జబ్బు పోయింది గాని, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ మాత్రం కనిపించింది. తల్లి ఆ సంగతి చెబుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. దగ్గరలో ఎవరూ లేరని నిర్ధారించుకున్న తరువాతనే గొంతు తగ్గించి మిగతాది చెప్పింది.

ఒక వ్యక్తి మాట చెబుతూ అటూ ఇటూ చూశాడంటే ఆ మాట విన్నవాడి దగ్గర అమానతు అయిపోతుందనే భావం గల దైవప్రవక్త (స) బోధను నేను మదరసాలో చదువుకున్నాను. విద్యార్థులకు బోధించాను కూడా. అయినా ఆ వారమే జరిగిన ఒక చిన్న సమావేశంలో, మంచి ఉద్దేశ్యంతోనే, ఆ అబ్బాయి పేరు, జబ్బు పేరు చెప్పి దుఆ చేయమని అందరినీ కోరాను. నా నోటి నుండి వెలువడిన ఆ మాట ఇషా నమాజు వేళకల్లా పేట అంతా తిరిగింది. పది రోజుల్లో అతని నిశ్చితార్థం రద్దయింది. పిల్ల తరఫువారు కారణం చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేకపోయింది.

నా ఉద్దేశ్యం మంచిదే. నేను అబద్ధమూ చెప్పలేదు. అయినా జరిగింది ఖియానతే. ఎందుకంటే ఆ తల్లి నాకు ఆ సంగతి చెప్పింది కాగితం చదివి పెట్టడానికి, సలహా ఇవ్వడానికి. నేను దానిని వేరే పనికి వాడాను. ఆమెను అడగకుండా వాడాను.

ఒక కాగితం, ఎన్నో చేతులు

నా మాట ఒక పేటకు మాత్రమే చేరింది. ఆ అబ్బాయి వైద్య ఫలితం మాత్రం సముద్రాలు దాటింది. గల్ఫ్ సహకార మండలి దేశాలకు వెళ్ళే కార్మికుల వైద్య పరీక్షలు గుర్తింపు పొందిన కేంద్రాలలోనే జరగాలి. పూర్వం గామ్కా పేరుతో పిలిచిన ఈ ఏర్పాటు ఇప్పుడు వాఫిద్ పేరుతో ఆన్‌లైన్‌లో నడుస్తున్నది. అక్కడ నమోదైన ఫలితం ఒక్క దేశానికే పరిమితం కాదు. సౌదీకి అన్‌ఫిట్ అయినవాడు కువైట్‌కు ప్రయత్నించినా ఆ నమోదు ముందుగానే అక్కడ ఎదురుచూస్తూ ఉంటుంది.

జగిత్యాల నుంచో, నిజామాబాద్ నుంచో, కడప నుంచో బయలుదేరిన ఒక కార్మికుని వివరాలు ఎన్ని చేతులు మారుతాయో చూడండి. ఊళ్ళోని ఏజెంటు పాస్‌పోర్టు జిరాక్సు తీసుకుంటాడు. అతను పట్నంలోని పెద్ద ఏజెంటుకు వాట్సాప్‌లో పంపుతాడు. అక్కడి నుంచి వైద్య కేంద్రం, వీసా కార్యాలయం, మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వ్యవస్థ, విమానాశ్రయం, ఆ తరువాత కఫీలు. దిగిన చోట వేలిముద్రలు ఇవ్వాలి. దేశం నుంచి పంపివేయబడినవారు కొత్త పాస్‌పోర్టుతో తిరిగి రాకుండా కనుపాపను పరీక్షించే పద్ధతిని అరబ్ ఎమిరేట్స్ 2000ల తొలి సంవత్సరాలలోనే మొదలుపెట్టింది. కువైట్‌లో నివసించే విదేశీయులందరూ బయోమెట్రిక్ వివరాలు ఇవ్వడానికి 2024 డిసెంబరు 31 గడువుగా విధించబడింది.

ఈ చేతులన్నింటిలో ఎవరో ఒకరు తప్పు రాస్తే? సౌదీలో యజమాని తన పనివాడు పారిపోయాడని ఫిర్యాదు చేస్తే అతని పేరు మీద హురూబ్ పడుతుంది. నిజంగా పారిపోయినవారూ ఉంటారు. జీతం అడిగినందుకు కోపంతో యజమాని పెట్టించిన హురూబులూ ఉంటాయి. ఏది నిజమో తేలేలోపే ఆ మనిషి కల్లివెల్లి అయిపోతాడు. ఒక మనిషి గురించి కంప్యూటరులో రాసిన వాక్యం నిజానికి ఒక సాక్ష్యం. వార్త తెచ్చినవాడు ఎలాంటివాడో చూసి, విచారించిన తరువాతనే నమ్మమని హుజురాత్ సూరా మనకు ఆదేశిస్తున్నది. పరిశీలించని సాక్ష్యం ఆధారంగా ఒకరి అన్నం తీసివేయడం న్యాయం కాదు. అది ఖాజీ చేసినా, కంప్యూటరు చేసినా అన్యాయమే.

కాక్స్ బజార్ జాబితా

కూలి కోసం వెళ్ళినవాడి పరిస్థితి ఇది. మరి ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోయినవాడి సంగతి ఏమిటి? 2017 ఆగస్టు 25 తరువాత మయన్మార్ సైన్యం జరిపిన దారుణాలకు తాళలేక 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్‌కు చేరుకున్నారు. వారిని తన పౌరులుగా గుర్తించని దేశం నుంచి వారు వచ్చారు. హైదరాబాదు బాలాపూర్ పరిసరాలలో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలను చూసినవారికి ఆ భయం ఎలాంటిదో కొంత తెలుసు.

2018 జూన్ నుంచి బంగ్లాదేశ్ ప్రభుత్వం, ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ కలిసి ఆ శిబిరాలలో పేర్ల నమోదు చేపట్టాయి. 12 ఏళ్ళు దాటిన వారి వేలిముద్రలు, కనుపాప, ఫొటో తీసుకొని కార్డు ఇచ్చారు. రేషను, సాయం అందడానికి ఆ కార్డు కావాలి. ఈ వివరాలు మయన్మార్‌కు వెళతాయేమోనన్న భయంతో ఆ సంవత్సరం నవంబరులో శిబిరాలలో సమ్మె కూడా జరిగింది.

2021 జూన్‌లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ తన పరిశీలనను ప్రకటించింది. బంగ్లాదేశ్ ప్రభుత్వం కనీసం 8,30,000 మంది రోహింగ్యాల పేర్లను, వారి వివరాలతో సహా మయన్మార్‌కు అందజేసిందని తెలిపింది. ఆ సంస్థ మాట్లాడిన 24 మంది శరణార్థులకు ఇచ్చిన రసీదులో, వివరాలను మయన్మార్‌తో పంచుకోవడానికి ఒప్పుకున్నట్లు గుర్తు పెట్టి ఉన్నది. ఆ రసీదు ఆంగ్లంలో మాత్రమే ఉన్నది. ఆ 24 మందిలో ఆంగ్లం చదవగలిగినవారు ముగ్గురే. శరణార్థుల సంస్థ ఈ ఆరోపణను అంగీకరించలేదు. నమోదు ఉద్దేశ్యాలను వివరించామని, అనుమతి తీసుకున్నామని బదులు చెప్పింది. తాము ఎక్కడ నివసించామో రుజువై స్వదేశానికి తిరిగి వెళ్ళే హక్కు నిలబడాలంటే ఆ దేశానికి పేర్లు చేరక తప్పదన్న వాదన కూడా ఇక్కడ ఉన్నది.

ఎవరి మాట ఎంతవరకు నిజమో తీర్పు చెప్పడం మన పని కాదు. కాని ఒక విషయం మాత్రం కాదనలేనిది. ఆ జాబితా సైన్యం చేతిలోని దేశానికి చేరింది. 2021 ఫిబ్రవరి 1న ఆ సైన్యమే మొత్తం అధికారాన్ని హస్తగతం చేసుకున్నది. ఒకసారి చేరిన జాబితాను వెనక్కి తీసుకోగలిగేవారెవరు?

వదీఅ నియమం ఏమి చెబుతుంది?

మన ఫిఖహ్ గ్రంథాలలో వదీఅ అనే అధ్యాయం ఉన్నది. ఒకరు మరొకరి దగ్గర భద్రపరచిన వస్తువు గురించిన నియమాలు అందులో ఉంటాయి. కంప్యూటర్లు లేని కాలంలో ఫుఖహాలు రాసిన ఈ నియమాలను వేలిముద్రకు అన్వయించి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

మొదటిది, వస్తువు దాచినవాడిదే గాని దాచిపెట్టుకున్నవాడిది కాదు. ఎన్నేళ్ళు తన దగ్గర ఉన్నా అది అతని ఆస్తి కాబోదు. రెండవది, యజమాని అనుమతి లేకుండా దానిని వాడుకోకూడదు. మూడవది, యజమాని అనుమతి లేకుండా దానిని బయటివాడి చేతికి ఇవ్వకూడదు. ఇచ్చిన తరువాత నష్టం జరిగితే జమాను, అంటే నష్టపరిహారపు బాధ్యత అతని మీదనే పడుతుంది.

దీనికి హనఫీ ఫుఖహాలు ఒక మినహాయింపు కూడా చెప్పారు. ఇంటికి నిప్పు అంటుకుంటే ఆ వస్తువును పొరుగువాడికి అప్పగించవచ్చు. పడవ మునుగుతూ ఉంటే దానిని మరో పడవలోకి విసిరివేయవచ్చు. ఎందుకంటే అప్పుడు చేతులు మారడమే దానిని కాపాడడం. ఇక్కడే అసలు కొలబద్ద ఉన్నది. చేయి మారడం అన్ని వేళలా ఖియానతు కాదు. ఎవరి మేలు కోసం మారుతున్నదనేదే ప్రశ్న. యుద్ధంలో తప్పిపోయిన బిడ్డ వివరాలను ఒక దేశపు రెడ్‌క్రాస్ మరో దేశపు రెడ్‌క్రాస్‌కు పంపితే అది మునిగే పడవలో నుంచి వస్తువును విసిరి కాపాడినట్లు. పారిపోయి వచ్చినవాడి చిరునామాను అతన్ని తరిమినవాడికి పంపితే అది మంటలోకి విసిరినట్లు.

కాపాడేవాడు కూడా తలుపుకు గొళ్ళెం సరిగా వేసుకోవాలి. 2022 జనవరిలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడగా, యుద్ధాలవల్ల, వలసలవల్ల కుటుంబాలకు దూరమైన 5,15,000 మందికి పైగా అభాగ్యుల వివరాలు వారి చేతికి చిక్కాయి. అదే సంవత్సరం ఫిబ్రవరిలో, బ్రిటన్‌లో ఆశ్రయం కోరిన దాదాపు 19,000 మంది ఆఫ్గన్ల వివరాలు ఒక అధికారి పొరపాటువల్ల బయటికి పొక్కాయి. ఈ సంగతి 2025 జూలైలో గాని ప్రజలకు తెలియలేదు. తాళం మార్చవచ్చు, బ్యాంకు ఖాతా మార్చవచ్చు. వేలిముద్రను ఎలా మారుస్తాం? అల్లాహ్ ప్రతి మనిషికీ ప్రత్యేకంగా ప్రసాదించిన గుర్తు అది. ఒకసారి పోగొట్టితే మరొకటి తెచ్చి ఇవ్వలేం. కనుక దాని బాధ్యత బంగారం బాధ్యతకన్నా బరువైనది.

ఒప్పుకోలు ఎప్పుడు ఒప్పుకోలు అవుతుంది?

"వారే సంతకం పెట్టారు కదా!" అని కొందరు అంటారు. సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్లేనా? బలవంతం మీద జరిగిన అమ్మకంలో మనస్ఫూర్తి అంగీకారం ఉండదని, కనుక అది అతనికి తప్పనిసరిగా వర్తించదని ఫుఖహాలు వివరించారు. బలవంతమంటే మెడ మీద కత్తి పెట్టడమే కానక్కరలేదు. ఆకలితో ఉన్న పిల్లలను చంకన వేసుకొని వరుసలో నిలబడిన తల్లిని "వేలు పెడితేనే కార్డు, కార్డు ఉంటేనే బియ్యం" అన్నప్పుడు ఆమెకు కాదనే స్వేచ్ఛ ఎక్కడ ఉన్నది? అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన కుర్రవాడి ముందు ఏ కాగితం పెట్టినా అతను సంతకం పెడతాడు.

అందుచేత సమ్మతికి మూడు షరతులు ఉండాలి. అతనికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఏ పనికి, ఎవరెవరికి ఇస్తారో ముందే చెప్పాలి. కాదన్నా అతని అన్నం పోకూడదు. మూడవ షరతు నెరవేరని చోట సమ్మతి పేరు చెప్పుకొని తప్పుకోవడం కుదరదు. అక్కడ భారమంతా తీసుకునేవాడి మీదనే ఉంటుంది. అవసరమైనంతే తీసుకోవాలి, అవసరం తీరిన తరువాత చెరిపివేయాలి. గత్యంతరం లేని పరిస్థితిలో ఇచ్చిన అనుమతి ఆ అవసరం మేరకే వర్తిస్తుందనేది మన షరీఅతు సూత్రం కూడా.

ఒక సందేహం, దానికి సమాధానం

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. తన దేశంలోకి వచ్చేదెవరో తెలుసుకునే హక్కు ప్రభుత్వానికి లేదా? తప్పకుండా ఉన్నది. హక్కే కాదు, అది బాధ్యత కూడా. ఆడపిల్లలను మోసగించి దేశాలు దాటించే ముఠాలను పట్టుకోవాలంటే నమోదు ఉండాలి. ఎడారిలో కన్నుమూసిన కార్మికుని శవం స్వగ్రామానికి చేరాలంటే అతనెవరో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఏ కాగితమూ లేనివాడికి ఏ హక్కూ లేకుండా పోతుంది. కనుక నమోదు చేయడం తప్పని మనం అనడం లేదు.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? ఉద్దేశ్యం మారిన చోట. ఐరోపాలో 2003 జనవరి నుంచి యూరోడాక్ అనే వేలిముద్రల వ్యవస్థ పనిచేస్తున్నది. ఆశ్రయం కోరినవారి దరఖాస్తును ఏ దేశం విచారించాలో తేల్చడానికి దానిని ఏర్పాటు చేశారు. 14 ఏళ్ళు నిండినవారి వేలిముద్రలు తీసుకునేవారు. 2015 నుంచి నేర పరిశోధన కోసం పోలీసులకు కూడా అందులో వెదికే వీలు కల్పించారు. 2024లో ఆమోదించిన కొత్త నిబంధన ఆ వయసును 6 ఏళ్ళకు తగ్గించింది, ముఖచిత్రాన్ని కూడా చేర్చింది. ప్రతి మార్పుకూ ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది. తప్పిపోయిన పిల్లలను గుర్తించడం కూడా వాటిలో ఒకటిగా చెబుతారు. కాని మొదటి రోజున వేలు పెట్టినవాడికి చెప్పినది ఒకటి, తరువాత జరిగినది మరొకటి. ఆశ్రయం అడిగినంత మాత్రాన మనిషి అనుమానితుల వరుసలో నిలబడవలసి రావడం న్యాయమేనా? అకారణంగా అనుమానించడాన్ని, ఇతరుల రహస్యాలు కూపీ లాగడాన్ని దివ్య ఖుర్ఆన్ ఒకేచోట వారించింది. ఎందుకంటే అనుమానమే కూపీకి తల్లి.

హిజ్రత్ నేర్పిన పాఠం

వలస అనేది ముస్లిములకు పరాయి విషయం కాదు. మన సంవత్సర గణనే ఒక వలసతో మొదలవుతుంది. మక్కాలో వేధింపులు భరించలేక కొందరు సహచరులు (రజి) హబషాకు వెళ్ళినప్పుడు ఖురైషీయులు కానుకలతో దూతలను పంపి, తమవారిని తమకు అప్పగించమని కోరారు. అప్పగించమనే రాజు సలహాదారులు కూడా చెప్పారు. క్రైస్తవుడైన నజ్జాషీ మాత్రం ఆశ్రయం పొందినవారిని పిలిపించి, వారి మాట వినకుండా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. విన్న తరువాత దూతలను వట్టి చేతులతో పంపివేశాడు. వలస వచ్చినవాడి గురించి అతని శత్రువుతో మాట్లాడే ముందు అతనితో మాట్లాడాలి. ఇది ఆ రాజు మనకు మిగిల్చిన ఆదర్శం.

దైవప్రవక్త (స) మదీనాకు బయలుదేరినప్పుడు ఆయన ఎక్కడ ఉన్నారన్న ఒక్క సమాచారానికి ఖురైషీయులు నూరు ఒంటెల వెల కట్టారు. ఆ రహస్యం తెలిసినవారిలో దారి చూపడానికి కూలికి కుదిరిన అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ ఒకరు. అప్పటికి అతను ముస్లిం కాదు. అయినా మూడు రాత్రుల తరువాత చెప్పిన చోటికి, చెప్పిన వేళకు ఒంటెలతో వచ్చాడు. నూరు ఒంటెలకు ఆశపడలేదు. ఇక తనను చంపజూసిన ఊరివారి అమానతులను ఎవరివి వారికి అప్పగించడానికే ప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్ళారు. శత్రువు అమానతుకే ఇంత విలువ ఉంటే, మన గుమ్మం ముందు చేతులు చాచిన నిరాశ్రయుని అమానతుకు ఎంత విలువ ఉండాలి!

చట్టాలున్నాయి, చాలవు

ప్రపంచం ఈ విషయంలో పూర్తిగా నిద్రపోతున్నదని చెప్పలేం. వ్యక్తిగత సమాచార రక్షణకు 1981లోనే ఐరోపా మండలి ఒక ఒడంబడికను ముందుకు తెచ్చింది. ఐరోపా సమాఖ్య చట్టం 2018 మే 25 నుంచి అమలులో ఉన్నది. తగిన రక్షణ లేని దేశాలకు సమాచారం పంపడంపై అది ఆంక్షలు విధిస్తుంది. మన సుప్రీం కోర్టు 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు ఇచ్చింది. 2023లో మన పార్లమెంటు సమాచార రక్షణ చట్టం చేసింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అయితే కేంద్రం ప్రత్యేకంగా నిషేధించిన దేశాలకు తప్ప మిగిలిన చోట్లకు సమాచారం పంపడాన్ని ఆ చట్టం అనుమతిస్తుంది. ప్రభుత్వ సంస్థలకు విస్తృతమైన మినహాయింపులూ ఉన్నాయి. పైగా చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, సమాచారం ఆగదు. ఒక దేశంలో ఇచ్చిన వేలిముద్ర మరో దేశంలో దుర్వినియోగమైతే మన పల్లెటూరి కుర్రవాడు ఏ కోర్టు మెట్లెక్కగలడు? అటువంటి చోట మనిషిని ఆపగలిగేది పరలోకంలో జవాబు చెప్పుకోవాలన్న భీతి ఒక్కటే.

మన చేతిలో ఉన్న పని

సోదరులారా! పెద్ద పెద్ద ప్రభుత్వాలను మనం సరిదిద్దలేకపోవచ్చు. మన చేతిలో ఉన్నదైనా చేద్దాం. ఏజెంటుగా పనిచేసే సోదరులు పని పూర్తయిన పాస్‌పోర్టు కాపీలను అటకల మీద, ఫోన్లలో వదిలివేయకుండా తీసివేయాలి. జిరాక్సు ఇచ్చేవారు దాని మీద ఏ పనికి ఇస్తున్నారో, తేదీ ఏమిటో రాసి ఇవ్వాలి. పాస్‌పోర్టు, వీసా ఫొటోలను వాట్సాప్ గ్రూపులలో పెట్టకూడదు. నావలె కాగితాలు చదివిపెట్టేవారు చివరి పంక్తి వరకు చదివి, అందులో ఏముందో చెప్పిన తరువాతనే సంతకం పెట్టమనాలి. దుఆ కోరేటప్పుడు "ఒక సోదరుడు కష్టంలో ఉన్నాడు" అంటే చాలు. అతని పేరు, జబ్బు అల్లాహ్‌కు ముందే తెలుసు.

అల్లాహ్ హక్కుల విషయంలో జరిగిన లోపానికి తౌబా ఉన్నది. దాసుల హక్కులో తౌబాతో పాటు ఆ దాసుని క్షమాపణ కూడా కావాలి. అందుకని నేను ఆ యువకుని ఇంటికి వెళ్ళాను. తల్లి టీ ఇచ్చింది. జరిగినదంతా చెప్పి, నన్ను క్షమించమని అడిగాను. అతను కాసేపు తల వంచుకొని కూర్చుని, "నేను క్షమించాను మౌలానా సాబ్. కాని విన్నవాళ్ళందరూ మరచిపోవాలంటే నేనేం చేయాలి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దేశదేశాల కంప్యూటర్లలో తమ పేర్లు ఎవరెవరు చదువుతున్నారో తెలియని లక్షలాది మంది వలసజీవులు అడుగుతున్న ప్రశ్న కూడా ఇదే.

ఇతరుల లోపాలను కప్పి ఉంచేవారిగా, అప్పగించిన ప్రతి అమానతునూ దాని హక్కుదారునికి క్షేమంగా చేర్చేవారిగా అల్లాహ్ మనందరినీ తీర్చిదిద్దుగాక! దూరదేశాలలో ఉన్న మన బిడ్డల మానప్రాణాలను కాపాడుగాక! ఆమీన్.